తాడు మరచిన శ్రీనాథుడు

శ్రీనాథుడికీ పోతనకూ ముడిపెట్టి చెప్పే కథ ఒకటి మనలో చాలామంది చిన్నప్పుడే విని ఉంటారు. పోతన ఇంట భోజనానికి కూర్చున్న శ్రీనాథుడు గజేంద్రమోక్షం ప్రసక్తి తెచ్చి, ఏనుగును మొసలి పట్టునుంచి విడిపించబోయిన విష్ణువు శంఖచక్రాలైనా తీసుకోకుండా బయలుదేరడమేమిటని ఆక్షేపించాడట. ఆయుధం లేనివాడు అక్కడికి వెళ్ళి చేసేదేముంది, వేడుక చూడడం తప్ప! పోతన అప్పటికి మారు మాట్లాడలేదు. కాసేపటికి పెరట్లోకి వెళ్ళి నూతిలో పెద్ద బండరాయి పడవేసి, పిల్లవాడు నూతిలో పడ్డాడని కేక పెట్టాడు. శ్రీనాథుడు ఎంగిలిచేత్తోనే పరుగెత్తుకొచ్చి నూతిలోకి తొంగి చూశాడు. తాడేదీ, నిచ్చెనేదీ, ఉత్త చేతులతో వచ్చి పిల్లవాణ్ణి ఎలా పైకి తీస్తావని పోతన అప్పుడు అడిగాడు.

ఇది చరిత్రకు నిలిచే కథ కాదు. వారిద్దరూ బావమరదులన్న మాటకు గట్టి ఆధారం లేదు. అయినా ఈ కథ కట్టిన అజ్ఞాతవ్యక్తి ఎవరో గాని, గజేంద్రమోక్షం మీద నేను చదివిన వ్యాఖ్యలన్నిటికంటే మంచి వ్యాఖ్య చేసిపెట్టాడని నా అభిప్రాయం. భగవంతుణ్ణి చూసి మనిషి దయ నేర్చుకోవాలని పెద్దలు చెబుతుంటారు కదా. ఇక్కడ జరిగినది దానికి తలక్రిందులు. భగవంతుడు ఎందుకలా ప్రవర్తించాడో బోధపరచడానికి నూతిగట్టున నిలబడి రొప్పుతున్న ఒక తండ్రిని చూపించవలసి వచ్చింది. అనుకరణ ఎటునుంచి ఎటు జరిగిందో ఆలోచిస్తే నాకు చిత్రంగా ఉంటుంది.

మూలంతో పోల్చి చూస్తే పోతన చేసిన మార్పు స్పష్టంగా తెలుస్తుంది. సంస్కృత భాగవతంలో హరి చక్రం ధరించి, గరుత్మంతుని మీద వేగంగానే వస్తాడు. ఏనుగు అవస్థ కంటబడగానే ఒక్క ఉదుటున వాహనం దిగుతాడు కూడా. తొందర అక్కడా ఉంది, కాని అది సర్వసన్నద్ధుడైన వాడి తొందర. పోతన ఆ సన్నాహాన్నంతా ఊడ్చివేశాడు. భార్యకు చెప్పడం లేదు, పరివారాన్ని పిలవడం లేదు, చెదరిన జుట్టు సవరించుకోవడం లేదు, సరసంలో చేత చిక్కిన చీరకొంగు వదలాలన్న ధ్యాస కూడా లేదు. వైకుంఠమంతా, ఆయుధాలతో సహా, ఏం జరిగిందో తెలియక ఆయన వెనకాల పరుగు తీస్తుంది. మొసలి తల తెగింది చక్రంతోనే, నిజమే. కాని ఆ చక్రం కూడా తరువాత వచ్చి చేరినదే.

నాకు తోచిన సంగతి ఇది. దేవుడి దయలో శక్తి ఒక పాలు, తొందర ఒక పాలు. మనం "దేవుడిలా ఆదుకున్నాడు" అన్నప్పుడల్లా మన దృష్టి మొదటి పాలు మీదే ఉంటుంది. లక్షలిచ్చినవాడు, ఉద్యోగం వేయించినవాడు, కేసు మాఫీ చేయించినవాడు మనకు దేవుడు. అందుచేత దేవుణ్ణి అనుకరించడమంటే ముందు ఆయనంతటి ఎత్తుకు చేరడమనీ, అక్కడినుంచి క్రిందికి చేయి చాపడమనీ అనుకుంటాం. అంత ఎత్తు మనకెప్పుడూ ఉండదు గనుక దయను రేపటికి వాయిదా వేసుకోవడానికి అదొక మంచి సాకు. పోతన చక్రాన్ని ఇంట్లో వదిలించి ఆ రెండు పాళ్ళనూ విడదీశాడు. చక్రం తీసేస్తే మిగిలినది చేస్తున్న పని అర్ధాంతరంగా ఆపి లేవడం. అది మన చేతిలోని పనే.

ఈ చిక్కు మన ఒక్కరికే వచ్చినది కాదు. యూదుల తాల్ముడ్‌లో సోటా అనే ప్రకరణంలో ఒక చర్చ ఉంది. దేవుని వెంట నడవమని శాస్త్రం చెబుతోంది, ఆయన దహించే అగ్ని అని కూడా అదే శాస్త్రం చెబుతోంది, మరి నిప్పు వెంట మనిషి ఎలా నడుస్తాడని ప్రశ్న. ఆయన నడత వెంట నడవాలని రబ్బీ హమా అనే పండితుడి సమాధానం. ఆ నడతకు ఆయన ఎంచుకున్న ఉదాహరణలు చూడండి. ఆదాముకూ హవ్వకూ దేవుడు బట్టలు కట్టబెట్టాడు. బాధలో ఉన్న అబ్రాహామును చూడవచ్చాడు. తండ్రి పోయిన ఇస్సాకును ఓదార్చాడు. మోషే చనిపోతే తానే పాతిపెట్టాడు. సముద్రాన్ని రెండుగా చీల్చిన దేవుడి గురించి మాట్లాడుతూ ఆ సముద్రం ఊసే ఎత్తకపోవడం యాదృచ్ఛికమని నేననుకోను. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ మహిమలు అక్కరలేదు. జబ్బుపడినవారి ఇంటికీ చావు జరిగిన ఇంటికీ వెళ్ళడానికి మన తెలుగులో "పలకరించి రావడం" అన్న మాట ఉంది. దేవుడు అబ్రాహామును పలకరించి వచ్చాడు. అంతే.

మళ్ళీ భాగవతానికే వస్తాను. నవమస్కంధంలో రంతిదేవుడున్నాడు. ఉన్నదంతా ఇచ్చివేసి, నలభై ఎనిమిది రోజులు నీళ్ళు కూడా లేక గడిపిన రాజు. నలభై తొమ్మిదోనాటి ఉదయం కొంచెం అన్నమూ పాయసమూ నీళ్ళూ దొరికితే కుటుంబంతో కూర్చోబోతాడు. సరిగ్గా అప్పుడే ఒక బ్రాహ్మణుడు వస్తాడు, అతను వెళ్ళాక ఒక శూద్రుడు, ఆ తరువాత కుక్కలను వెంటబెట్టుకుని మరొకడు. చివరికి మిగిలినవి ఒక్కరి దాహానికి సరిపడే నీళ్ళు. వాటిని నోటి దగ్గరికి తీసుకోబోతుండగా చండాలుడొకడు వచ్చి అడుగుతాడు. అవీ ఇచ్చేస్తాడు. వచ్చిన ప్రతివాడిలోనూ రంతిదేవుడు హరినే చూశాడని భాగవతం చెబుతుంది. ఇది గమనించవలసిన విషయం. పెట్టేవాడు తనలో దేవుణ్ణి చూసుకోలేదు, అడగవచ్చినవాడిలో చూశాడు. నేనెరిగిన దాతల్లో చాలామంది దీన్ని తిప్పి పట్టుకుని పాడైపోయారు. (నేను దాతను కాను గనుక ఈ మాట అనడం నాకు తేలిక.)

మరొకటి కూడా ఉంది. వచ్చినవాళ్ళెవరూ తీరిక చూసుకుని రాలేదు. ముద్ద నోటికి వెళ్ళేవేళకే వచ్చారు. వైకుంఠంలోనూ అంతే, ఏనుగు మొర విష్ణువు ఖాళీగా ఉన్నప్పుడు వినబడలేదు.

పురాణం కనుక చెల్లిందని అనుకునేవారికి కోనసీమ ఉంది. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో కాపురముండి, 1909లో పోయారు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు ఆ ఊరు మజిలీ. వేళ కాని వేళ ఎవరు తలుపు తట్టినా ఆవిడ వండి పెట్టేవారు. ఆ వంటలో చక్రమూ గరుత్మంతుడూ ఏమీ లేవు, పొయ్యీ కట్టెలూ ఉన్నాయి. ఆవిడ గురించి ఆ ప్రాంతంలో చెప్పుకునే కథ ఒకటి నాకు గజేంద్రమోక్షంతో సమానం. ఎన్నాళ్ళనుంచో అంతర్వేది నరసింహస్వామిని చూడాలని కోరిక. అతిథులు ఎడతెగకుండా వస్తుంటే ఎప్పటికీ కుదరలేదు. చివరికొకనాడు పల్లకీలో బయలుదేరారు. దారిలో బోయీలు పల్లకీ దించి అలుపు తీర్చుకుంటుండగా ఒక పెళ్ళివారి గుంపు అటు వచ్చింది. ఆకలికి ఏడుస్తున్న పిల్లలను పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు, ఇంకాసేపట్లో సీతమ్మగారి ఇల్లు వచ్చేస్తుంది, అక్కడ అన్నం తిందురుగాని అని. పల్లకీలో ఉన్నావిడ ఆ మాట విన్నారు. బోయీలను వెనక్కి తిప్పమన్నారు. పెళ్ళివారికంటే ముందు ఇల్లు చేరి పొయ్యి రాజేశారు.

దేవుణ్ణి చూడబోతూ సగం దారిలో వెనుదిరగడం అపచారమని ఆవిడకు ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. నన్నడిగితే ఆ రోజు అంతర్వేదిలోని స్వామి ఆవిడ స్థానంలో ఉన్నా అదే చేసేవాడు. పోతన చెప్పిన పద్ధతి అదే కదా!

సీతమ్మగారి ఫోటో కథ కూడా చాలామందికి తెలిసే ఉంటుంది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకం సందర్భంగా ఆవిడ చిత్రపటం కావాలని పైనుంచి కబురు వస్తే, ఆవిడ ముందు ఒప్పుకోలేదట. పటం పంపకపోతే అధికారి ఉద్యోగానికి ముప్పని తెలిసి అప్పుడు కూర్చున్నారట. తనకోసం తీయించుకోని ఫోటోను ఎదుటివాడి ఉద్యోగం కోసం తీయించుకున్నారు. ఇవాళ వైనతేయ పాయ మీది కొత్త అక్విడక్టుకు ఆవిడ పేరు ఉంది, 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. వాటి సంగతి అలా ఉంచి, 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలయ్యాక 44వ నంబరు జాతీయ రహదారి వెంట ఉత్తరాదికి నడిచిపోయిన కూలీలను తలచుకోండి. వాళ్ళకు ఎండలో నీళ్ళూ పులిహోర పొట్లాలూ పట్టుకుని ఎదురెళ్ళిన మనుషులు మన ఊళ్ళల్లో ఉన్నారు. వాళ్ళలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు. అదే రోజుల్లో ఒక అరటిపండును నలుగురు పట్టుకుని, ఆకలిగా ఉన్నవాణ్ణి కెమెరావైపు తిరగమన్న ఫోటోలూ చూశాం. ఆ నలుగురినీ నేను మరీ తప్పుపట్టను. పండైతే ఇచ్చారు. కాని ఫోటో సరిగ్గా వచ్చేదాకా ఆ మనిషి పండు తినకుండా నిలబడ్డాడు చూడండి, అక్కడ నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ప్రతి కేకకూ లేచి పరిగెత్తేవాడు ఇక తన పని ఎప్పుడు చేసుకుంటాడని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. లూకా సువార్తలో గాయపడ్డవాణ్ణి కాపాడిన సమరయుడి కథ ఉంది. అతనూ ప్రయాణంలో ఉన్నవాడే. గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, ఆ రాత్రి దగ్గరుండి చూసుకుని, మర్నాడు సత్రం యజమానికి రెండు దేనారాలిచ్చి తన దారిన తాను వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు మిగతా ఖర్చు ఇస్తానన్నాడు. ప్రయాణం మానుకోలేదు, ఒక పూట ఆలస్యం చేసుకున్నాడు. ఆ తొందరనే పదిమంది కలిసి ఏర్పాటుగా మార్చుకోవడానికీ వీలుంది. 2005లో మన దగ్గర మొదలైన 108 అంబులెన్సు అలాంటిదే. చక్రమూ గరుత్మంతుడూ ముందే సిద్ధంగా ఉంటాయి, మొర వినిపించడం ఒక్కటే ఆలస్యం. అయితే ఆ నంబరు నొక్కడానికి ముందు ఎవరో ఒకరు ఆగాలి. ఆగినవాణ్ణి పోలీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిప్పడం మన దేశంలో ఎంత మామూలైపోయిందంటే, 2016లో సుప్రీంకోర్టు కలుగజేసుకోవలసి వచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఏ అనే సెక్షను చేర్చారు. ప్రమాదంలో సాయపడినవాణ్ణి వేధించకూడదని, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కరలేదని ఇప్పుడు చట్టమే చెబుతోంది.

ఇంత వ్రాయడానికి నాకున్న అర్హత ఏమిటో కూడా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం తెల్లవారుజామున బంధువుల పెళ్ళికి కారులో వెళుతున్నాం. మంచు పట్టి ఉంది. రోడ్డు పక్కన ఒక స్కూటరు పడి ఉంది, ఒకతను మోకాలు పట్టుకుని కూర్చుని చేయి ఎత్తాడు. డ్రైవరు వేగం తగ్గించి నా వైపు చూశాడు. ముహూర్తం దాటిపోతుందనీ, వెనక ఇన్ని బళ్ళు వస్తున్నాయి, ఎవరో ఒకరు ఆపుతారనీ అన్నాను. అతను మళ్ళీ వేగం పెంచాడు. ఫోను నా చేతిలోనే ఉంది. 108 గుర్తుకు రాలేదని చెబితే అబద్ధం. గుర్తుకు వచ్చింది. ఏ ఊరి దగ్గర అని అడుగుతారు, మైలురాయి చూడలేదు కదా అనుకున్నాను. తీరా వెళితే పెళ్ళికొడుకు తరఫువారు రాక ముహూర్తం పక్కన పెట్టి అందరూ కాఫీలు తాగుతున్నారు. ఆ కాఫీ నాకు సయించలేదు. ఆ మనిషి సంగతి ఏమైందో ఇప్పటికీ తెలియదు.

మా డ్రైవరు ఆ మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు అదే చోట తనంతట తానే కారు ఆపి, దిగి, కాసేపు చూసి వచ్చాడు. అక్కడ పగిలిన అద్దం ముక్కలు తప్ప ఏమీ లేవు. "ఎవరో తీసుకెళ్ళుంటార్లెండి సార్" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడని అర్థమైంది.

ఆ తరువాత రెండుసార్లు ఆగాను. ఒకసారి ఆగినది ఎవరో పెద్దమనిషి బండి పక్కన పెట్టుకుని, తల పట్టుకుని చతికిలబడి ఉంటే. దగ్గరకు వెళ్ళి దెబ్బలేమైనా తగిలాయా అని అడిగితే, ఫోనులో మాట్లాడుతున్నవాడు చెవిలో తీగ తీసి, నన్ను ఎగాదిగా చూసి, మీకేం కావాలండీ అన్నాడు. రెండోసారి నిజంగానే అవసరం పడింది, ఆడమనిషి, చేయి విరిగింది. అంబులెన్సు వచ్చేదాకా నా దగ్గరున్న నీళ్ళసీసా ఆవిడ చేతికిచ్చి పక్కన నిలబడ్డాను. మరేం చేయాలో నాకు తెలియలేదు.