సీఏ ఆఫీసుకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చా? రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

సీఏ పాసైన ఇద్దరు మిత్రులు అమీర్‌పేటలో ఆఫీసు అద్దెకు తీసుకుని, 'రాయల్ ట్యాక్స్ సొల్యూషన్స్' అని బోర్డు రాయించారనుకుందాం. పేరు వినడానికి బాగానే ఉంది. కానీ రెండు చోట్ల ఇరుక్కుంటుంది.

మొదటిది ఐసీఏఐ. 1988 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ రెగ్యులేషన్లలో 190వ నిబంధన ప్రకారం కౌన్సిల్ ఆమోదం లేని పేరుతో ప్రాక్టీస్ చేయకూడదు. అదే పేరుగానీ, దగ్గరగా ఉన్నదిగానీ ఇప్పటికే మరొకరికి ఉంటే నిరాకరిస్తారు. పేరు తగినది కాదనిపించినా అంతే. సొంత ప్రచారంలా వినిపించే పేర్లు ఇక్కడే ఆగిపోతాయి. సీఏ ఆఫీసుల బోర్డులన్నీ 'రావు అండ్ కో', 'శర్మ అండ్ అసోసియేట్స్' తరహాలోనే ఉండటానికి కారణం ఊహాశక్తి కొరత కాదు, ఈ రూలే!

రెండోది 1932 భాగస్వామ్య చట్టం. ఫర్మ్ పేరులో రాయల్, కింగ్, క్వీన్, ఇంపీరియల్ లాంటి మాటలుండాలంటే రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి కావాలి (సెక్షన్ 58). రాజులు పోయి దశాబ్దాలైనా ఈ జాబితా చెక్కు చెదరలేదు.

ఎల్ఎల్‌పీగా పెట్టాలంటే? పేరు చివర ఆ మూడక్షరాలుగానీ, వాటి పూర్తి రూపంగానీ తప్పనిసరి. రూ.200 ఫీజుతో పేరు రిజర్వ్ చేసుకుంటే 90 రోజులు మీకోసం ఉంచుతారు. సీఏ, కంపెనీ సెక్రటరీ, ఆర్కిటెక్ట్ లాంటి వృత్తులైతే ఆ వృత్తిని చూసే కౌన్సిల్ అనుమతి కూడా జతచేయాలి. ప్రైవేట్ లిమిటెడ్ మాత్రం కుదరదు. కంపెనీలు చార్టర్డ్ అకౌంటెంట్లుగా ప్రాక్టీస్ చేయడాన్ని 1949 చట్టంలోని సెక్షన్ 25 నిషేధిస్తోంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. జీఎస్టీ సర్టిఫికెట్‌లో ట్రేడ్ నేమ్ వచ్చింది, బ్యాంకులో కరెంట్ ఖాతా తెరిచారు కాబట్టి ఆ పేరు తమదైపోయిందనుకుంటారు. అలా కాదు. పేరు మీద హక్కు కావాలంటే ట్రేడ్‌మార్క్ దారి వేరే ఉంది. అకౌంటింగ్ సేవలు 35వ తరగతి, న్యాయ సేవలు 45వ తరగతి. వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు తరగతికి రూ.4,500. ఎల్ఎల్‌పీ పేరు తమ ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉందని దాని యజమాని మూడేళ్లలోపు ఫిర్యాదు చేస్తే, పేరు మార్చుకోమని కేంద్రం ఆదేశించవచ్చు. గడువు మూడు నెలలు. అప్పటికి బోర్డు, లెటర్‌హెడ్, విజిటింగ్ కార్డులు, క్లయింట్లకు గుర్తుండిపోయిన పేరు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

క్లయింటుకూ ఇందులో పని ఉంది. 'ట్యాక్స్ కన్సల్టెంట్' అన్న బోర్డు చూసి లోపలున్నది సీఏ అనుకోవద్దు. రిటర్నులు వేయడానికి సీఏ కానక్కర్లేదు, ఆడిట్ సంతకానికి మాత్రం కావాలి. అనుమానముంటే ఐసీఏఐ వెబ్‌సైట్‌లో సభ్యుడి పేరు వెతకండి. ఆడిట్ రిపోర్టు చేతికొస్తే దానిపై 18 అంకెలు, అక్షరాల యూడీఐఎన్ ఉందో లేదో చూడండి. దాన్ని ఆన్‌లైన్‌లో మీరే సరిచూసుకోవచ్చు.