త్యాగమా? బలియా?

ప్రాజెక్టు ప్రారంభోత్సవమైనా, రోడ్డు వెడల్పు పనులైనా వేదికపై తప్పక వినిపించే మాట 'త్యాగం'. భూములు పోగొట్టుకున్నవారి త్యాగాన్ని వక్తలు కొనియాడతారు. చప్పట్లతో ఆ ముచ్చట ముగుస్తుంది. ఇంతకీ అది త్యాగమేనా?

యజ్ఞంలో హవిస్సును సమర్పించేటప్పుడు యజమాని 'న మమ' అంటాడు. ఇది నాది కాదు అని దాని అర్థం. ఆ మాట సొంతదారే అనాలి. పొరుగింటి నెయ్యి తెచ్చి హోమంలో పోస్తే పుణ్యం రాదు. బక్రీదునాడు ఖుర్బానీ ఇచ్చే ముస్లిం కూడా తన జీవాన్నే ఇస్తాడు. మాంసంలో ఒక వంతు పేదలకు పంచుతాడు.

'బలి' సంగతి వేరు. సంస్కృతంలో దేవతకు పెట్టేదీ బలే, రాజు వసూలు చేసే పన్నూ బలే. బుద్ధుడు పుట్టిన లుంబినికి అశోకుడు బలి మినహాయించినట్లు అక్కడి శాసనం చెబుతోంది. జాతరలో మేకను బలి ఇచ్చేటప్పుడు దాని ఇష్టం ఎవరూ అడగరు.

పొట్టి శ్రీరాములు 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచారు. ఆయనను ఎవరూ బలవంతపెట్టలేదు. అది త్యాగం.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ముంపు గ్రామాలలో ఇళ్లు కూల్చి జనాన్ని ఖాళీ చేయించారు. కృష్ణలో మునిగిన సంగమేశ్వరాలయం నీరు తగ్గినప్పుడు బయటపడి పూజలందుకుంటోంది. ఊళ్లు మాత్రం మళ్లీ లేవలేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో జీవో 98 వెలువడింది. దాని అమలు కోసం నిర్వాసితులు దశాబ్దాల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు.

కరెంటు, సాగునీరు వద్దని ఎవరూ అనరు. కాని అడగకుండా తీసుకున్నదానికి త్యాగమని పేరు పెట్టడంలో ఒక కిటుకు ఉంది. త్యాగం చేసినవాడు ప్రతిఫలం కోరరాదని లోకం అంటుంది. బాకీ ఉన్నవాడు మాత్రం తీర్చక తప్పదు. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు కంపెనీల కోసం తీసుకునే భూమికి 80 శాతం కుటుంబాల అంగీకారం కావాలంది. ప్రభుత్వం తన సొంత అవసరాలకు తీసుకునే భూమికి ఆ నియమం లేదు.

కాబట్టి నాయకులు దండలు పక్కనబెట్టి లెక్క చెప్పాలి. ఎందరికి భూమి ఇచ్చారు, ఎందరికి ఇల్లు, ఎందరికి ఉద్యోగం? ఆ లెక్క తేలిననాడే త్యాగమనే మాట వారి నోట శోభిస్తుంది.