బొమ్మ చూపిస్తే సరిపోయిందా?

ఒక ఇంట్లో బిడ్డకి మాట రాలేదనుకోండి. నాలుగేళ్ళు నిండినా "అమ్మా" అనలేదనుకోండి. వెంటనే ఎవరో ఒక రంగురంగుల చార్టు కొనితెచ్చి గోడకి తగిలిస్తారు. యాపిల్, బంతి, బస్సు, ఏనుగు... ముప్ఫై గళ్ళు, ముప్ఫై బొమ్మలు! "ఏది కావాలో వేలు పెట్టి చూపించు నాన్నా!" అంటారు. వాడు చార్టు వైపు చూడడు సరిగదా, మొహం పక్కకి తిప్పుకుంటాడు. ఇంకేం, తీర్పు అయిపోయింది. "తెలివి లేదు" అంటారొకరు. "మొండి" అంటారింకొకరు. "అంతా తల్లి గారాబం" అంటారు మూడోవారు. (ఈ మూడోవారు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. బిడ్డకి జలుబు చేసినా వారికి తల్లే కారణం!)

నేనడిగేది ఒక్కటే. ఆ చార్టు వాడికి కనబడుతోందా?

"అదేం ప్రశ్నండీ! డాక్టరు చూసి కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు" అంటారు. ఉండవచ్చు. కానీ చూపు కంటితోనే పూర్తయిపోతుందని ఎవరు చెప్పారు మనకి? హిందూపురం మార్కెట్టుకి పట్టుగూళ్ళు గంపలకి గంపలు వస్తాయి. వచ్చి పడితే సరా? వాటిని చేత్తో పట్టి చూసి, ఏది మేలు ఏది నాసి అని తేల్చేవాళ్ళు లోపల ఉండాలి కదా! కన్ను సరుకు మోసుకొస్తుంది. ఇది గిన్నె, ఇది గోడ, ఇది అమ్మ మొహం అని తేల్చేది మాత్రం మెదడు. పుట్టగానే ఏడవని పిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో, పుట్టిన తొలిరోజుల్లో రక్తంలో చక్కెర బాగా పడిపోయినవాళ్ళలో కొందరికి ఈ లోపలి పని దెబ్బతింటుంది. సెరిబ్రల్ విజువల్ ఇంపెయిర్మెంట్ అంటారు దీన్ని, పొట్టిగా సి.వి.ఐ. అని. అందులోనూ కొందరికి కాలూ చెయ్యీ స్వాధీనంలో ఉండవు, మాటా రాదు.

అలాంటి బిడ్డకి నల్లగుడ్డ మీద ఒక్క ఎర్రగిన్నె పెడితే కనబడవచ్చు. అదే గిన్నెని పూలపూల దుప్పటి మీద, నాలుగు సామాన్ల మధ్య పెట్టారా, మాయం! కదిలే వస్తువు కనబడి, అది ఆగగానే కనబడకుండా పోవచ్చు. పొద్దున కనబడింది సాయంత్రం అలసిపోయాక కనబడకపోవచ్చు. మనకి రెప్పపాటు చాలిన చోట వాడికి అరనిమిషం పట్టవచ్చు. మనమేమో ఆ అరనిమిషం అయ్యేలోపలే చార్టు చుట్టేసి "లాభం లేదమ్మా" అంటాం. కొందరైతే వస్తువుని ఒకసారి చూసి, మొహం తిప్పేసుకుని, అప్పుడు చెయ్యి చాస్తారు. చూడ్డం, అందుకోవడం రెండూ ఒకేసారి కుదరవు వాళ్ళకి. మనం మొండితనమని పేరుపెట్టింది దీనికే!

ఆమధ్య హిందూపురంలో ధర్మవరం వెళ్ళే ప్యాసింజరెక్కాను. పెనుకొండలో ఒకమ్మాయి ఆరేడేళ్ళ కొడుకుని ఎత్తుకుని ఎక్కింది. ఎదుటి సీటు పెద్దమనిషి వాడికి పత్రికలోని బొమ్మలు చూపించి, చూపించి, విసుగెత్తి మానుకున్నాడు. ఇంతలో టీ అమ్మే అబ్బాయి కేక వినబడింది. పిల్లవాడు తొడమీద టపటపా రెండుసార్లు కొట్టుకున్నాడు.

"టీ తాగుతాడామ్మా?" అన్నాను.

"టీ గాదక్కా, బన్ను అడుగుతాండాడు. టీ అమ్మేటోళ్ళ దగ్గర బన్ను ఉంటాదని వానికి తెలుసు" అంది. సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి ముందు వాడి చేతికి తాకించింది, తర్వాత నీళ్ళు పట్టింది. గ్లాసు తగిలితే నీళ్ళు, తువ్వాలు తగిలితే స్నానం, నాయన చెప్పు చేతికిస్తే బయటికి పోవడం. ఇవన్నీ ఆ అమ్మాయి సొంతంగా కనిపెట్టుకున్నవే. "బళ్ళో ఇవన్నీ ఒప్పుకోరక్కా. బొమ్మల పుస్తకంలో చూపిస్తేనే లెక్కంట" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ అమ్మాయి సంచిలో ఉన్నదే అసలైన విద్య అని నేనంటాను. నిపుణులు నేర్పేదీ అదే: బొమ్మ అర్థంకాని బిడ్డకి వస్తువు ఇవ్వండి, స్పర్శ ఇవ్వండి, శబ్దం ఇవ్వండి. మనమే ఒక్కొక్కటి పైకి చదివి, "ఇడ్లీయా?" అని ఆగి, "దోసా?" అని ఆగి, వాడు చెయ్యెత్తిన చోట నిలబడడం కూడా ఒక భాషే. ధర్మవరంలో జాకార్డు మగ్గం చూడని ఆడవాళ్ళు మనలో తక్కువ. ఆ పట్టుచీర అంచుమీద హంసని నేసేది కన్ను కాదు, అట్టలో రంధ్రాలు! అట్టకి రంధ్రముంటే సూది పోతుంది, లేకపోతే ఆగుతుంది. ఆ మగ్గం 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో పుట్టింది. తడిమి చదివే చుక్కల లిపిని లూయీ బ్రెయిలీ 1829లో అచ్చువేయించింది కూడా అక్కడే. రంధ్రాలతో పువ్వు చెప్పవచ్చని ఒప్పుకున్న మనం, గ్లాసుతో దాహం చెప్పవచ్చంటే ఒప్పుకోమా?

హెలెన్ కెల్లర్ కథ మన పిల్లలకి పాఠంగా చెబుతాం. 1887లో గురువు ఆమె ఒక చేతిమీద నీళ్ళు పడనిచ్చి, రెండో అరచేతిలో ఆ మాట అక్షరాలు రాసిందని చెప్పి కళ్ళొత్తుకుంటాం. పక్కింటి పిల్లవాడి దగ్గరికి మాత్రం చార్టు పట్టుకుని పోతాం!

"ఇలా సైగలూ గ్లాసులూ అలవాటు చేస్తే ఇక మాట్లాడతాడా?" అని ఒక భయం పెద్దవాళ్ళకి. ఇది వట్టి భయం. ఇలాంటి పద్ధతులు నేర్పిన పిల్లల మీద జరిగిన పరిశోధనలను 2006లో అమెరికాలో కూర్చి పరిశీలించారు. గట్టి ఆధారాలున్న 27 మందిలో ఒక్కరికీ ఉన్న మాట పోలేదు. నూటికి 89 మందికి మాట కాస్తో కూస్తో పెరిగింది. ఇక్కడొక జాగ్రత్త కూడా చెప్పాలి. బిడ్డ చెయ్యి మనం పట్టుకుని, మనమే అక్షరాల మీద పెట్టి, "చూశారా, వాడే చెప్పాడు" అనడం వేరు. అమెరికాలో 1990లలో ఆ పద్ధతి ఊపందుకుని, ఆ మాటలు పట్టుకున్నవారివేనని పరీక్షల్లో తేలి అభాసుపాలైంది. బిడ్డ మాట బిడ్డే చెప్పాలి.

ఇక చట్టం సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం "సంభాషణ" అంటే ఏమిటో చెబుతూ బ్రెయిలీని, స్పర్శని, సైగలని, ప్రత్యామ్నాయ పద్ధతులని అన్నిటినీ కలుపుకుంది. ఎంతో సంతోషించాను. అదే చట్టం చూపు తక్కువతనాన్ని కొలిచేటప్పుడు మాత్రం అక్షరాల పటం ఎంత దూరాన చదవగలడు, చూపు ఎంత వెడల్పు అని 6/18 లెక్కల్లోకి దిగింది. కన్ను బాగుండి మెదడు పోల్చుకోలేని బిడ్డ ఆ లెక్కలో ఎక్కడ పడతాడు? సదరం క్యాంపులో మరో పేరు కింద సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ పేరు పడ్డాక వాడి చూపు సంగతి ఎవరికీ గుర్తు రాదు. పింఛను 2024లో 6,000 రూపాయలకి పెంచారు, మంచిదే. కానీ బిడ్డకి ఆకలేస్తోందో కడుపునొప్పో పింఛను చెప్పదు కదా!

హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇలాంటి పిల్లలకి చూపు శిక్షణ ఇస్తారు. మగ్గం గుంటలో దిగితేనే పూట గడిచే ఇల్లాలు ఎన్నిసార్లు పోగలదు అంతదూరం? మన మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. 1969 నుంచీ అనంతపురంలో పనిచేస్తున్న ఆర్.డి.టి. వారికి చూపులేని పిల్లల బళ్ళు నడిపిన అనుభవముంది. అక్కడి టీచర్లకి ఈ సి.వి.ఐ. పిల్లల్ని గుర్తుపట్టడం, నల్లగుడ్డా ఎర్రగిన్నెతో పనిచేయడం నేర్పించమని అడగాలి. బిడ్డ ఇంటినుంచి తెచ్చుకున్న గ్లాసునీ తువ్వాలునీ బడి పుస్తకంలో వాడి భాషగా రాసుకోమని అడగాలి.

పుట్టినరోజులకీ పండగలకీ బళ్ళకి చార్టులు పంచే మహిళా మండలి సోదరీమణులకి నాదొక మనవి. ఈసారి ఆ డబ్బుతో నాలుగు గజాల నల్ల క్యాన్వాసు గుడ్డ కొనండి. వెళ్ళగానే ముందు మీ పేరు చెప్పండి, మీ గాజులు వాడి చేతికి తగలనివ్వండి. ఫ్యాను చప్పుడు, టీవీ కట్టేయించండి. ఏదైనా అడిగాక పదంకెలు లెక్కపెట్టండి, చాలకపోతే ముప్ఫై. పక్కనున్నవాళ్ళు "వాడికేం తెలుసు లెండి" అన్నా సరే, లెక్క మాత్రం ఆపకండి.