చీమను చూసి నేర్చుకోమన్నారు... చూశాం!

మన ఇళ్లలో ఆడపిల్ల కాసేపు కాళ్లు బారజాపుకుని కూచుంటే చాలు, ఎవరో ఒకరికి చీమ గుర్తొస్తుంది. "ఆ చీమను చూసైనా బుద్ధి తెచ్చుకోవే! ఒక్క నిముషం నిలుస్తుందేమో చూడు!" అంటారు. మగపిల్లవాడు పొద్దెక్కేదాకా మంచం దిగకపోయినా వాడికి మాత్రం ఏ పురుగునూ ఆదర్శంగా చూపించరు. ఈ ఉపదేశం చేసేవాళ్లలో చీమను నిజంగా చూసినవాళ్లు ఎందరని నా అనుమానం. బెల్లం డబ్బాకు పట్టినప్పుడు చూడడం చూడడం కాదు. అప్పుడు మనం చూసేది బెల్లాన్ని.

మా ఇంట్లో చూస్తున్నాం. రెండేళ్లుగా మా అమ్మాయి మూడు చీమల కాపురాలు పెంచుతోంది. ఒక రాణి ప్రొద్దుటూరులో మా వసారాలోనే దొరికింది. ఇంకొకటి జమ్మలమడుగులో మా పుట్టింటి పెరట్లో, మూడోది పులివెందులలో మా అక్కావాళ్ల చీనీతోటలో. మూడూ గండుచీమలే. వానలు పడ్డాక జతకట్టి, రెక్కలు రాల్చుకుని, చోటు వెతుక్కుంటూ తిరిగే రాణిని పట్టి గాజు గొట్టంలో వదలాలి. గొట్టం అడుగున నీళ్లు, వాటికి అడ్డంగా దూది, పైన చీకటి. పెట్టుబడి అంతే. తొలి సంతానం పైకొచ్చేదాకా ఆ తల్లి ఏమీ తినదు. ఇక పనిలేని రెక్కల కండరాలను కరిగించుకునే పిల్లల్ని సాకుతుంది. "చూశావా, తల్లి త్యాగమంటే అదీ!" అని మా పెద్దత్త వెంటనే అందుకుంది. నిజమే. కానీ తర్వాతి కథ కూడా వినాలి కదా! మొదటి కూతుళ్లు చేతికి అందొచ్చాక ఆ తల్లి చేత పిల్లల పని ఎవరూ చేయించరు. తిండి నోటి దగ్గరికే వస్తుంది.

చుట్టపక్కాలు ఊరుకుంటారా? "ఏందిమే ఇది, పెండ్లి కావాల్సిన పిల్ల పురుగుల్ని సాకుతా ఉంటే నువ్వు చూస్తా ఉండావా?" అని మా వదిన. ఇది మన గడ్డమీద లేని చోద్యమేమీ కాదు. మన కడప జిల్లాకు పేరు తెచ్చిన కలివికోడి ఉంది చూడండి, ఇక లేదనుకున్నాక 1986లో సిద్ధవటం ప్రాంతపు అడవిలో మళ్లీ కనబడ్డ పిట్ట, దాన్ని మొదట లోకానికి చూపించిన జెర్డన్ దొర నెల్లూరులో వైద్యుడుగా ఉన్నవాడు. ఆయనే 1851లో దక్షిణ భారతదేశపు చీమలకు ఒక పట్టిక రాశాడు. దొర వంగి చూస్తే శాస్త్రం, మన పిల్ల వంగి చూస్తే పిచ్చి!

ఇక మూడు ఊళ్ల పోలిక. వచ్చినవాళ్లందరూ ముందే తీర్పు చెప్పేశారు. ప్రొద్దుటూరు చీమలు వ్యాపారం చేస్తాయట, పులివెందుల చీమలు కొట్లాడతాయట, జమ్మలమడుగువి మధ్యస్తం చేస్తాయట! రెండేళ్లలో మాకు కనిపించింది వేరు. ఒక కాపురం చీమను ఇంకో కాపురంలోకి వదిలితే మూడు ఊళ్లవీ ఒకే రకంగా కోరలు తెరిచాయి. పులివెందుల చీమ ఎంత పౌరుషం చూపిందో, మా ప్రొద్దుటూరు చీమా అంతే చూపింది. ఊరిని బట్టి గుణం కట్టే మన అలవాటు చీమల దగ్గరే నిలవలేదు, ఇక మనుషుల దగ్గర నిలుస్తుందా?

అన్నట్టు, గండు అంటే మగ అని అర్థం. కానీ మన కళ్లబడే గండుచీమలన్నీ ఆడవే! పనిచేసేవన్నీ కూతుళ్లు. మగవి రెక్కలతో పుట్టి, పెళ్లినాడు ఎగిరి, అంతటితో చాలించుకుంటాయి. పని ఆడవాళ్లదీ పేరు మగవాళ్లదీ కావడం మన ఇళ్లలోనే అనుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. మూడు కాపురాల్లో ఏది చూసినా, ఎప్పుడు చూసినా, సగానికి దగ్గరగా చీమలు ఊరికే నిలబడి ఉంటాయి! తినవు, మోయవు, పిల్లల్ని నాకవు. ఇది మా సీసాల్లో చీమల సోమరితనం కాదు. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో చిన్న జాతి చీమలకు రంగు చుక్కలు పెట్టి గమనించి 2017లో ప్రకటించారు. బాగా పనిచేసే నూటికి 20 చీమల్ని తీసేస్తే, అంతవరకు తక్కువ పనిచేస్తున్నవి లేచి ఆ పని అందుకున్నాయట. ఊరికే ఉండే నూటికి 20 చీమల్ని తీసేస్తే మాత్రం వాటి స్థానం భర్తీ కాలేదట. అంటే ఊరికే నిలబడినవి దండగ చీమలు కావు. కష్టకాలానికి దాచిన బలం.

మా జేజిని ఊరంతా "చీమలాంటి మనిషి" అని మెచ్చుకునేది. ఆమె పీట వేసుకుని కూచుని అన్నం తినడం నేను చూడలేదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే ఆమె భోజనం. ఆ మెప్పులోనే ఆమె నడుము వంగిపోయింది. మా సీసాల్లో చూస్తే, తేనెనీళ్లు తాగివచ్చిన చీమ తన కడుపులోది నోటితోనే పదిమందికి పంచుతుంది, తనకూ ఉంచుకుంటుంది. చివర తినే ఆచారం చీమలకు లేదు. ఇంకో మాట. చీమల్లో చిన్నవయసువి ఇంటిపట్టున ఉంటే, ఎండలో తిండికి తిరిగేవి వయసు మళ్లినవి. ఈ సంగతి మా పెద్దత్తకు ఇంకా చెప్పలేదు.

ఆడవాళ్లకు ఈ తెలివితేటలు ఎందుకనేవారికి ఒక్క పేరు చెబుతాను. అడెల్ ఫీల్డ్ అని ఒక అమెరికన్ మహిళ 1839లో పుట్టింది. చైనాలో ఏళ్ల తరబడి మిషనరీగా పనిచేసి, అక్కడి స్వాతౌ భాషకు నిఘంటువు రాసింది. అరవై ఏళ్లు వచ్చాక చీమల్ని పెంచడం మొదలుపెట్టింది. ఆమె తయారుచేసిన గాజు గూటికి ఆమె పేరే నిలిచింది. చీమలు తమవాళ్లనూ పైవాళ్లనూ వాసనతోనే పోల్చుకుంటాయని, కానీ పుట్టిన కొద్ది గంటల్లోనే కలిపి పెంచితే వేర్వేరు జాతుల చీమలు కూడా ఒకే గూట్లో పొత్తుగా బతుకుతాయని ఆమె చేసి చూపించింది. మనం ఇరవై ఏళ్లు వేరే ఇంట పెరిగిన పిల్లను కోడలుగా తెచ్చుకుని, మన ఇంటి వాసన ఇంకా పట్టలేదని కరుస్తాం. చీమకంటే వాసన తప్ప వేరే దారి లేదు. మనకు నోరుంది, మనసుంది.

కాబట్టి అమ్మలారా, అత్తలారా! పిల్ల చీమలు పెంచుతానంటే వద్దనకండి. ఖర్చు లేదు, మొరగవు, అరవవు. చూడడం అలవాటైన పిల్ల రేపు ఎవరి మాటనూ ఊరికే నమ్మదు. బహుశా పెద్దలకు భయం అందుకేనేమో! పెంచడం ఇష్టం లేకపోతే మానండి. కానీ కూచున్న పిల్లకు చీమను మాత్రం చూపించకండి. ఆ పిల్ల నిజంగా చూసి నేర్చుకుంటే, ఇప్పుడు కూచున్నదానికంటే ఇంకాస్త హాయిగా కూచుంటుంది. కూచోనివ్వండి.