సంఘంలో ఎవరున్నారు?

వానలు మొదలైతే మన మందిరాల ఆవరణల్లో మొక్కలు నాటడం ఈమధ్య ఆనవాయితీ అయింది. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, సండే స్కూలు పిల్లలు నీళ్లు పోస్తారు, ఫొటో వాట్సాప్ గ్రూపులోకి వెళుతుంది. మంచి పనే, మానమని ఎవరూ అనరు. ఖమ్మం పక్కన రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య 2025 ఏప్రిల్ 12న కన్నుమూసినప్పుడు ఎన్నో సంఘాల్లో ఆయనను తలచుకున్నారు. సైకిల్‌ మీద మొక్కలు, విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగిన ఆ మనిషికి 2017లో పద్మశ్రీ వచ్చింది. అయితే ఆయన నాటినవి ఎక్కువగా రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద, ఎవరూ నాదంటే నాదని కొట్లాడని జాగాల్లో. ఎవరిదో తేలని నేల మీద మొక్క నాటితే ఏమవుతుందో ఇదే గడ్డ మీద 2022 నవంబరు 22న చూశాం.

ఆ రోజు చండ్రుగొండ మండలం బెండాలపాడు అడవిలో, ఎర్రబోడు గూడెం దగ్గర అటవీశాఖ వేసిన ప్లాంటేషన్‌ విషయమై జరిగిన గొడవలో ఫారెస్టు రేంజి అధికారి శ్రీనివాసరావును కత్తులతో నరికారు. ఆయన ప్రాణాలు దక్కలేదు. దాడి చేసినవారు ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయలు. మరుసటి ఏడాది కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. తన ఉద్యోగ ధర్మం తాను చేస్తున్న మనిషిని చంపడాన్ని ఏ ఆకలీ, ఏ పేదరికమూ సమర్థించదు. కోర్టు తన పని తాను చేసింది.

మనం నిలబడి ఆలోచించవలసింది ఆ తర్వాత జరిగిన దాని గురించి. హత్య జరిగిన కొద్ది రోజులకే బెండాలపాడు గ్రామం తీర్మానం చేసింది: ఎర్రబోడు గుత్తికోయలు ఊరి పరిధిలో ఉండరాదు, వచ్చిన చోటికి పంపేయాలి. తప్పు చేసింది ఇద్దరు. తీర్మానం గూడెం మొత్తం మీద, పాలు తాగే పిల్లలతో సహా. పర్యావరణ పరిరక్షణలో ప్రజల భాగస్వామ్యం గురించి మనం ఎన్ని సెమినార్లలో వినలేదు? ఊరు కూర్చుంది, మాట్లాడుకుంది, అడవి గురించి ఒక నిర్ణయం తీసుకుంది. పైకి చూస్తే ఇదీ భాగస్వామ్యమే. ఆ ఊరి లెక్కలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నదగ్గరే తేడా వచ్చింది.

తెలుగులో సంఘం అనే మాట విచిత్రమైనది. ఆదివారం మనం కూడేదీ సంఘమే, పొదుపు చేసుకునే ఆడవాళ్లదీ సంఘమే, పాల సొసైటీని కూడా పెద్దవాళ్లు సంఘమనే అంటారు. మూడింటికీ ఒకటే ప్రశ్న ఉంది. రిజిస్టరులో పేరు లేనివాడి సంగతేమిటి?

అడవి విషయంలో ఈ ప్రశ్నను ప్రభుత్వాలు ముప్పై ఏళ్లుగా దాటవేస్తూ వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైంది. ఊరూరా వన సంరక్షణ సమితులు వెలిశాయి. 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో దానికే ఇంకా పెద్ద పేరు పెట్టి, అడవిని ప్రజలకే అప్పగిస్తున్నామన్నారు. ఖమ్మం జిల్లాలో వయసు మళ్లినవాళ్లను అడిగితే వీఎస్సెస్ అంటే కందకాలు తవ్విన కూలి గుర్తుచేసుకుంటారు. కూలి దొరికింది నిజం. కొన్ని చోట్ల అడవి తిరిగి పచ్చబడిందీ నిజం. కాని చెక్కు మీద రెండో సంతకం అటవీశాఖదే. ఏ చెట్టు నాటాలో, ఎక్కడ నాటాలో అన్న మాటా వారిదే. పోడు చేసుకునే కుటుంబాల భూములు కొన్ని సమితి పేరుతోనే ప్లాంటేషన్ల కిందికి పోయాయి. పథకం డబ్బు ఆగింది, చాలా ఊళ్లలో సమితి బోర్డు తుప్పు పట్టింది. ప్రజలకు అడవి మీద ప్రేమ లేక అలా అయిందనుకోవడం పొరపాటు. కూలికి పిలిచినవాడు కూలి ఆగితే ఇంటికి పోతాడు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ లెక్కను మార్చవలసింది. ఆ చట్టంలో రెండు రకాల హక్కులున్నాయి. ఒకటి మనందరం ఎరిగినదే: 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమి సాగు చేస్తున్న గిరిజన కుటుంబానికి పది ఎకరాలకు మించకుండా పట్టా. రెండోది చాలామందికి తెలియనిది: తరతరాలుగా తాము వాడుకుంటూ కాపాడుకుంటున్న అడవి మొత్తం మీద గ్రామసభకు సామూహిక హక్కు. ఆ హక్కు ఉంటే తునికాకు, వెదురు, ఇప్పపువ్వు ఊరివి. అడవిని నరకకుండా ఆపే అధికారమూ ఊరిదే. బాధ్యత, రాబడి ఒకే చేతిలో ఉంటాయి.

తెలంగాణలో 2023 జూన్ 30న మొదలైన పోడు పట్టాల పంపిణీలో సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా ఇచ్చారు. అన్నిటికన్నా ఎక్కువ భూమి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనే. ఎన్నో ఏళ్లు ఫారెస్టు వాళ్లకు భయపడుతూ దున్నిన కుటుంబాలకు అది చిన్న మేలు కాదు. అయితే ఆ పంపిణీ వ్యక్తిగత పట్టాలది. పట్టా పుచ్చుకున్నవాడు తన చెలక వరకు గట్టు వేసుకున్నాడు. చెలక అవతల మిగిలిన అడవి ఎవరిదన్న ప్రశ్న ఎప్పటిలాగే ఉంది. అటవీశాఖదే అయితే ఊరివాడు దాన్ని ఎందుకు కాపాడాలి? ఎవరిదీ కాకపోతే రేపు ఇంకొకడు గొడ్డలి పట్టుకుని ఎందుకు రాకూడదు? పట్టాలు ఓట్లు తెస్తాయి, ఫొటోలో బాగుంటాయి. గ్రామసభ పేరిట ఇచ్చే కాగితం ఏ ఒక్కరి చేతిలోనూ పెట్టి ఫొటో తీయలేం. అందుకే ఏ పార్టీ వచ్చినా దాని ఊసెత్తదేమో అనిపిస్తుంది.

ఇదంతా కాగితం మీది మాట కాదని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. మన రాష్ట్రాన్ని ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు గూడెం ఉంది. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పొందింది. వెదురు అమ్ముకుందామంటే రవాణా పర్మిట్లు ఇవ్వడానికి అటవీశాఖ ఒప్పుకోలేదు. 2011లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేష్ స్వయంగా వెళ్లి పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టాల్సి వచ్చింది. ఆ గూడెంలో నిర్ణయాలకు ఓటింగ్ ఉండదు. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటూనే ఉంటారు. ఒక్కడు కాదన్నా ఆ పని ఆగుతుంది. బెండాలపాడు తీర్మానం పక్కన దీన్ని పెట్టి చూడండి.

గుత్తికోయల చిక్కు మాత్రం అంత తేలిగ్గా విడదు. 2005 వేసవిలో దంతెవాడలో సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు మావోయిస్టులు, మరోవైపు జుడుం. నడుమ నలిగిన వేలాది కుటుంబాలు గోదావరి ఇవతలికి వచ్చి అడవి నరికి గుడిసెలు వేసుకున్నాయి. చట్టం గీసిన గీత అదే ఏడాది డిసెంబరు 13. అంటే ఆ తేదీ తర్వాత వచ్చినవారికి ఇక్కడ ఏ పట్టా రాదు. ఎస్టీ ధ్రువీకరణా ఇక్కడ వారికి అందదు. కరెంటు, బడి, మంచినీళ్లు ఎవరి దయనుబట్టి అంతే. వీరందరికీ అడవి నరికి పట్టాలిమ్మని ఈ పత్రిక అనదు. అలా అయితే గీతకు అర్థమే ఉండదు, ఉన్న కాస్త అడవీ మిగలదు. కాని పంపేయడం కూడా జవాబు కాదు. ఒక చోట తోలేస్తే ఇంకా లోపలికి పోయి అక్కడ నరుకుతారు. అడవి ఈ రాష్ట్రంలో తగ్గకపోతే పక్క రాష్ట్రంలో తగ్గుతుంది. కొత్తగా నరకబోమన్న కట్టుబాటు ఒక చేత్తో పుచ్చుకుని, రేషను, బడి, అడవి పెంపకంలో ఏడాది పొడుగునా పని మరో చేత్తో ఇచ్చే ఒప్పందం గ్రామసభలో కుదరాలి. వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకోకుండా ఆ ఒప్పందం కుదరదు.

ఇదంతా ఏజెన్సీ గొడవ, మాకేం సంబంధం అని వేంసూరు మైదానంలో ఉన్న పాఠకులు అనుకోవచ్చు. మిరప కోతలకు జిల్లాకు వచ్చే కూలీలను ఒకసారి పలకరించి చూడండి. ఛత్తీస్‌గఢ్ నుంచి, గోదావరి అడవుల నుంచి ట్రాక్టర్లలో, ఆటోల్లో వచ్చి, పొలాల దగ్గరే పరదాల కింద పడుకుని కాయ కోసి వెళ్లేది ఆ కోయవాళ్లే. కూలీలుగా వాళ్లు మనకు కావాలి. ఊరివాళ్లుగా అక్కర్లేదు.

నీటి దగ్గరా ఇదే లెక్క. సత్తుపల్లి, వేంసూరు చుట్టూ మామిడి తోటలు పోయి పామాయిల్ తోటలు వస్తున్నాయి. అశ్వారావుపేట, అప్పారావుపేటల్లో ఫ్యాక్టరీలున్నాయి, మన మండలంలోని కల్లూరుగూడెంలోనూ ఒకటి తలపెట్టారు. 2021లో కేంద్రం జాతీయ మిషన్ పెట్టాక ఈ పంటకు ఊపు ఇంకా పెరిగింది. రైతును తప్పుపట్టలేం. కోతుల బెడద లేదు, గెల తెగితే కొనేవాడు ఖాయం. కాని కాపుకొచ్చిన చెట్టుకు వేసవిలో రోజుకు 200 లీటర్ల దాకా నీళ్లు కావాలి. ఎకరానికి 57 చెట్లు. అంటే ఎకరానికి రోజూ 11,400 లీటర్లు. ఐదెకరాల తోట పక్కన రెండు కుంటల జాగాలో కూరగాయలు వేసుకునే మాదిగ పల్లె కుటుంబానికి బోరు లేదు, ఉన్న చేతిపంపు ఏప్రిల్‌కల్లా గాలి కొడుతుంది. వాల్టా చట్టం 2002 నుంచే ఉంది. ఎవరి బోరుకు ఎంత లోతు అని అడిగిన అధికారి ఎవరైనా కనిపించాడా?

2000 దశకంలో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ వంటి కరువు జిల్లాల్లో రైతులే బావుల నీటిమట్టం కొలిచి, వాన కొలిచి, ఊరి నడుమ బోర్డు మీద రాసుకున్నారు. యాసంగికి ఎన్ని నీళ్లున్నాయో చూసి ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు. ఏ ఆంక్షా లేదు, జరిమానా లేదు. లెక్క అందరికీ కనబడటంతో చాలామంది వరి తగ్గించారు. వేంసూరులో ఇది ఎందుకు కాకూడదు? ఒకటే షరతు: ఆ బోర్డు ముందు బోరున్న రైతుతో పాటు చేతిపంపు మీద బతికే ఆడమనిషి కూడా నిలబడి మాట్లాడగలగాలి.

ఈ వేంసూరు ఒకప్పుడు శాసనసభ నియోజకవర్గం. ఇక్కడినుంచి గెలిచిన జలగం వెంగళరావు 1973లో ముఖ్యమంత్రి అయ్యారు. ఇప్పుడు సత్తుపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టుకు ఆయన పేరుంది. పెద్ద నిర్ణయాలు ఈ నేలకు కొత్తకాదు. ఊరిని కూర్చోబెట్టి అడిగి చేసినవే అరుదు.

మన సంఘానికి ఇందులో పాత బాకీ ఉంది. గోదావరి పనుల మీద వచ్చిన ఇంజనీరు హేగ్ పూనికతో 1860ల్లో దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషను మొదలైంది. తర్వాత జాన్ కెయిన్ దశాబ్దాల పాటు అక్కడే ఉండి కోయల భాష, ఆచారాలు రాసిపెట్టాడు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య ఈ పల్లెల్లో చదువురాని పేదవారినే సంఘ పెద్దలుగా నిలబెట్టాడు. అక్షరం రానివాడికీ సభలో మాట ఉంటుందని మన తాతలు నేర్చుకున్నది అక్కడ. భూమికి ఏడో ఏట విశ్రాంతి ఇవ్వమన్న లేవీయకాండము 25వ అధ్యాయం, ఆ ఏడు దానంతట అది పండినదానిలో కూలివాడిని, మన మధ్య ఉండే పరదేశిని లెక్కలోకి తీసుకుంటుంది. నేలను గురించిన ఆజ్ఞ, పరాయివాణ్ణి గురించిన ఆజ్ఞ అక్కడ ఒకటే వాక్యంలో ఉన్నాయి. మనం వాటిని విడదీసి ఒకదానికి మొక్కలు నాటుతున్నాం, రెండోదానికి క్రిస్మస్‌కు దుప్పట్లు పంచుతున్నాం.

దుప్పట్లకన్నా కష్టమైన పని గ్రామసభకు వెళ్లడం. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ చెల్లాలంటే ఊరి వయోజనుల్లో సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. మన విశ్వాసుల్లో ఆడవాళ్లే ఎక్కువ, ఆదివారం తప్పకుండా వస్తారు. గ్రామసభ రోజు మాత్రం ఇంట్లో ఉంటారు. కూలి పోతుందనో, మాట్లాడనివ్వరనో. ఏజెన్సీ మండలాల్లోని సంఘాలు ఈ ఒక్క లోటు పూడ్చినా చాలావరకు పని జరుగుతుంది. ఇందులో సువార్తను, హక్కు పత్రాన్ని కలపకూడదు. కలిపితే రెండూ చెడతాయి, గూడెంలో చీలిక వస్తుంది. గుడికి పోయేవాడూ, వేల్పులను కొలిచేవాడూ పక్కపక్కన కూర్చుని సంతకాలు పెట్టవలసిన పని ఇది.

సామూహిక హక్కుకు దరఖాస్తు ఫారం-సి. చిన్న కాగితమే. సరిహద్దు వాగులు, గుట్టలు, మేత బీళ్లు, తునికాకు కోసే చోట్లు రాయాలి, ఊరి పెద్దల సాక్ష్యం జతచేయాలి. ఆ వాగుల పేర్లు తెలిసినవాళ్లు ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటి ఉన్నారు. తునికాకు కోత ఏప్రిల్‌లో మొదలవుతుంది. యూనిట్ల వేలం అంతకు ముందే అయిపోతుంది. దరఖాస్తులు రాసుకోవడానికి ఉన్నది ఈ చలికాలమే.