వేటకి పోయాం, పేడనీళ్లు పోయించుకున్నాం

పోస్ట్ కొంచెం పెద్దది. తిట్టాలనిపిస్తే తిట్టండి గాని చివరిదాకా చదివి తిట్టండి.

పోయిన ఎండాకాలం భూమి పండుగకి రాజమండ్రి హాస్టల్ నుంచి ఊరెళ్లాను. మాది చింతూరు వైపు. ఏటా పరీక్షలు అడ్డొచ్చి నాలుగేళ్లుగా ఈ పండుగ చూడలేదు. తెలియని తమ్ముళ్ల కోసం రెండు ముక్కలు. విత్తనాలు చల్లే ముందు మన కోయవాళ్లు చేసే పండుగ ఇది, విజ్జ పండుం అంటారు. ఆ రోజుల్లో మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుని వచ్చే పోయే బండ్ల దగ్గర డబ్బులు తీసుకుంటారు. వేటకి పోయినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొస్తే నెత్తిన పేడనీళ్లు పడతాయి.

మేం పద్దెనిమిది మందిమి పోయాం. పద్దెనిమిది మందికీ పేడనీళ్లు పడ్డాయి. మా వదిన నా కోసం ఒక చెంబు ప్రత్యేకంగా దాచి ఉంచింది, కాలేజీ బాబు అని.

అయినా ఆ రోజు నేను చూసింది ఏ క్లాసులోనూ చూడలేదు. మా తాత ముందు నడుస్తున్నాడు. వాగు దగ్గర ఆగి గుప్పెడు మెత్తటి మట్టి తీసుకుని గాలిలోకి వదిలాడు. దుమ్ము మా వెనక్కి పోయింది. గాలి ఎదురుగా వస్తోంది, మన వాసన ముందుకి పోదు, పదండి అన్నాడు. తడి ఇసుకలో గిట్టల గుర్తులు చూపించి ఇది దుప్పి, ఆ పెద్దది కణితి అన్నాడు. గిట్ట రెండు ముక్కలూ దగ్గరగా పడితే నెమ్మదిగా నడిచింది, విచ్చుకుని లోతుగా దిగితే పరుగెత్తింది. ఇప్పచెట్టు కింద పువ్వు ఎక్కడ మాయమైందో చూసి రాత్రి ఎన్ని వచ్చాయో చెప్పాడు. కొండముచ్చులు చెట్ల మీద మేస్తూ ఆకులు రాలుస్తుంటే కింద దుప్పులు తింటాయంట, అందుకే ముందు పైకి చూడాలంట. చూలుతో ఉన్నదాన్ని, పిల్లతల్లిని కొట్టకూడదని వాళ్ల నాన్న చెప్పాడంట. తాత బడి మొహం చూడలేదు.

చివరికి ఒక దుప్పి కనబడింది, వాగు అవతల. తాత చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. ఎవరూ బాణం తియ్యలేదు. చూశాం, అది పోయింది, మేం వెనక్కి వచ్చేశాం.

ఇప్పుడు అసలు మాట. మనవాళ్లు కొందరు పండుగ రోజుల్లో చచ్చిన జంతువుని భుజాన వేసుకుని రీల్స్ పెడుతున్నారు. లైకులు బాగానే వస్తాయి. తమ్ముళ్లూ, ఆ వీడియో మీ మీద మీరే రాసిచ్చిన సాక్ష్యం. 1972 వన్యప్రాణి చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, తరమడం, ప్రయత్నం చెయ్యడం కూడా వేటే. సాంక్చురీలో గాని నేషనల్ పార్కులో గాని చేస్తే శిక్ష తక్కువలో తక్కువ 3 ఏళ్లు, 7 ఏళ్ల దాకా పడొచ్చు. మన పాపికొండలు 2008లో నేషనల్ పార్క్ అయ్యాయని గుర్తుపెట్టుకోండి. అటవీ హక్కుల చట్టం ఉంది కదా అంటారు కొందరు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. చదివి చూశాను. 2006 చట్టం సెక్షన్ 3(1)(ఎల్)లో మన సంప్రదాయ హక్కులన్నీ ఒప్పుకుంటూనే, వేట హక్కు తప్ప అని స్పష్టంగా రాశారు. వన్యప్రాణి చట్టం సెక్షన్ 65లో వేట హక్కు మిగిలింది నికోబార్ దీవుల గిరిజనులకే. కానిస్టేబుల్ ఉద్యోగానికో డీఎస్సీకో తయారవుతున్న కుర్రాడికి ఒక్క కేసు చాలు.

నాకు కోపం లేదనుకోకండి. ఆ చట్టం వచ్చాక కూడా 1991 సవరణ దాకా ఫీజు కట్టి లైసెన్సు తీసుకుంటే వేటాడే దారి ఉండేది. విల్లంబు తప్ప ఏమీ లేని తాతకి లైసెన్సు ఎవడిస్తాడు? మొన్న రూమ్మేట్ ఫోన్లో ఒక వీడియో చూశాం. ఇంగ్లండ్‌లో జింకల వేటగాళ్ల కోసమే ఎగ్జిబిషన్ పెట్టారు. తుపాకులు, బైనాక్యులర్లు, బూట్లు, కత్తులు, జింక మాంసం స్టాళ్లు. అక్కడ తోడేళ్లు ఎప్పుడో అంతరించాయి, జింకలు పెరిగి అడవినీ పంటనీ తినేస్తున్నాయి, అందుకని సీజన్ పెట్టి చట్టప్రకారమే కొడతారు. వాళ్ల అడవి లెక్క వేరు, మన దగ్గర పులికీ చిరుతకీ తిండి అదే. అది ఒప్పుకుంటా. కాకపోతే గాలి ఎటు వీస్తుందో చూడటం, అడుగుజాడ చదవటం అక్కడ క్లాసు పెట్టి నేర్పే విద్య. ఇక్కడ మా తాతకి వస్తే అనుమానంగా చూస్తారు. హాస్టల్లో "మీరు ఏమేం తింటారురా" అని నవ్వే ప్రశ్న కూడా అక్కడిదే.

మా మేనత్తవాళ్లది పోలవరం ముంపు ఊరు. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటారు. పండుగకి మగవాళ్లు పొద్దున్నే బయల్దేరతారు, చుట్టూ జామాయిల్ తోటలు, పామాయిల్ తోటలు. మధ్యాహ్నానికి వచ్చేస్తారు. పేడనీళ్లు మాత్రం పోస్తారంట. మా బావకి పదహారేళ్లు, కణితి అడుగు ఎలా ఉంటుందో తెలీదు. చట్టం ఆపకపోయినా అక్కడ వేట ఆగిపోయింది.

అందుకని నేననేది, చంపడం మానేద్దాం, పోవడం మానొద్దు. బాణాలు ఊళ్లోనే గురి పోటీకి ఉంచి పెద్దవాళ్లతో అడవికి నడుద్దాం. నల్లమలలో చెంచులు పులుల అడుగులు పట్టే పనిలో, కాపలా పనిలో ఉన్నారు. మన దగ్గర కూడా ఆ పోస్టులకి డిగ్రీ కాదు, తాత దగ్గర నేర్చుకున్నది చూడమని అడగాలి. గ్రామసభలో తీర్మానం రాయొచ్చు, రాయడానికి మనం చదువుకున్నాం కదా.

తాతకి ఈ మాట చెప్తే, బాణం లేకుండా పోతే మీ నానమ్మ ఊరుకుంటుందా, రెండు బకెట్లు పోస్తుంది అన్నాడు.

నేను ఇప్పటికి పదకొండు గుర్తులు నోట్‌బుక్‌లో గీశాను, పక్కన కోయ పేర్లతో. మీ ఊరి పెద్దల్ని అడిగి మీకు తెలిసినవి ఇక్కడ పెట్టండి. కొండరెడ్డి అన్నలు కూడా మీ మాటల్లోనే రాయండి.