ఆటగాళ్లపై నిషేధం: కోర్టులు చూసేదేమిటి?

మాచర్ల: టీ కొట్ల వద్ద క్రికెట్ మాట వస్తే అజారుద్దీన్ పేరు రాక మానదు. కోర్టు నిషేధం కొట్టివేసింది గనుక ఆయన మచ్చలేని మనిషని కొందరు, కోర్టులో గెలిచినంత మాత్రాన ఏమైందని కొందరు వాదిస్తారు. అసలు ఇలాంటి కేసుల్లో కోర్టులు దేనిని చూస్తాయన్నది తెలుసుకోవలసి ఉంది.

2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ క్రోన్యే వ్యవహారాన్ని బయటపెట్టారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. సి.బి.ఐ. నివేదిక ఇచ్చింది. బోర్డు తరఫున కె.మాధవన్ విచారణ జరిపారు. ఆ ఏడాది డిసెంబరు 5న బోర్డు అజారుద్దీన్‌పై జీవితకాల నిషేధం విధించింది. ఆయన హైదరాబాదు సిటీ సివిల్ కోర్టులో దావా వేసి ఓడిపోయారు. అప్పీలుపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరు 8న ఆ నిషేధం చట్టరీత్యా చెల్లదని తీర్పు చెప్పింది.

నిషేధం పడేనాటికి ఆయన వయస్సు 37. తీర్పు నాటికి 49. అప్పటికి ఆడినవి 99 టెస్టులు. చివరిదైన బెంగుళూరు టెస్టులో సెంచరీ కూడా కొట్టారు. నూరవ టెస్టును ఏ కోర్టు మాత్రం ఇప్పించగలదు? శిక్ష చెల్లదని తేలడానికి పన్నెండేళ్లు పట్టడమే పెద్ద శిక్ష.

మ్యాచ్ ఫిక్సింగ్‌ను నేరంగా పేర్కొన్న ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అది మోసం కేసు కిందకు రాదని, బోర్డు చూసుకోవలసిన క్రమశిక్షణ వ్యవహారమని కర్ణాటక హైకోర్టు 2022 జనవరిలో అన్నది. అంటే నేరం మోపేదీ, విచారించేదీ, శిక్ష వేసేదీ బోర్డే. అందుకే ఆటగాడు కోర్టు మెట్లెక్కితే నోటీసు ఇచ్చారా, అతని మాట విన్నారా, సాక్ష్యం ఉందా, తప్పుకు తగిన శిక్షేనా అని కోర్టు అడుగుతుంది. బోర్డు ప్రభుత్వ శాఖ కాకపోయినా హైకోర్టులో దానిపై రిట్ వేయవచ్చునని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది.

శ్రీశాంత్ సంగతి మరో రకం. 2013లో బోర్డు ఆయనపై జీవితకాల నిషేధం పెట్టింది. 2015లో ఢిల్లీ కోర్టు క్రిమినల్ కేసు నుంచి తప్పించినా నిషేధం పోలేదు. 2017లో కేరళ హైకోర్టులో ఒక జడ్జి దానిని ఎత్తివేయగా, రెండు నెలలకే ధర్మాసనం తిరిగి పెట్టింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు తప్పును కాదనలేదు గాని జీవితకాలం ఎక్కువని, శిక్షను పునరాలోచించమని చెప్పింది. చివరకు ఏడేళ్లకు తగ్గింది.

ఏడేళ్లంటే మనకు వేరే కథ జ్ఞాపకం వస్తుంది. కోడిపందెంలో ఓడిన బ్రహ్మనాయుడి పక్షం మాచర్ల విడిచిపోయింది ఏడేళ్లకే. పందెంలో నాగమ్మ మోసం చేసిందని వీరవిద్యావంతులు నేటికీ చెబుతారు. ఆ ఫిర్యాదు వినే పెద్ద మనిషి లేకపోగా వ్యవహారం కారెంపూడి రణరంగం దాకా వెళ్లింది.

ఆటగాడికి నేడు కోర్టు ఉంది. ఫిక్స్ చేసిన మ్యాచ్‌పై డబ్బు పెట్టి మునిగిన కుర్రవాడికి అదీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పైగా మన రాష్ట్రంలో బెట్టింగ్ నేరం. పందెం బాకీని చేబదులుగా చూపి నోటు రాసిచ్చినవాడు, అది అప్పు కాదని తానే రుజువు చేసుకోవాలి.